సౌత్ బ్లాక్‌లో భద్రం, ఇచ్ఛాపూర్‌లో?

ఇచ్ఛాపూర్ అనగానే మనవాళ్లకు శ్రీకాకుళం జిల్లా సరిహద్దులోని ఇచ్ఛాపురం గుర్తొస్తుంది. మా ఫౌజీలకైతే రైఫిల్ ఫ్యాక్టరీ ఉన్న బెంగాల్ ఇచ్ఛాపూర్ గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది ఆ రెండూ కాదు. సూరత్ నగరం దాటి హజీరా వైపు వెళ్లే దారిలో ఉన్న ఇచ్ఛాపూర్ గురించి. ఒకవైపు వజ్రాల, నగల పరిశ్రమకు కట్టిన పార్కు, మరోవైపు జీఐడీసీ షెడ్లు. ఆ రోడ్డు పట్టుకుని ఇంకా ముందుకు పోతే హజీరాలో ఎల్ అండ్ టీ వారి సాయుధ వాహనాల కర్మాగారం వస్తుంది. 2019 జనవరిలో ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. దక్షిణ కొరియా పరిజ్ఞానంతో కే9 వజ్ర తుపాకులు తయారయ్యేది అక్కడే. అవి 155 మిల్లీమీటర్ల, 52 క్యాలిబర్ స్వయంచాలిత తుపాకులు. మొదటి 100 తుపాకుల అప్పగింత 2021 ఫిబ్రవరికి పూర్తయింది. వాటిలో కొన్నింటిని లద్దాఖ్ ఎత్తుల్లోనూ మోహరించారు. మరిన్ని వజ్రల కోసం 2024 డిసెంబర్ 20న రక్షణ శాఖ రూ.7,628.70 కోట్ల ఒప్పందం కుదుర్చుకుంది.

ఈ మధ్య నేను సూరత్ వెళ్లింది తుపాకులు చూడటానికి కాదు. నా యూనిట్‌లో హవల్దారుగా పనిచేసి రిటైరైన సిరిసిల్ల మనిషి ఒకాయన అక్కడే కొడుకు దగ్గర ఉంటున్నారు. మగ్గాల కోసం తెలంగాణ నుంచి సూరత్ చేరిన కుటుంబాలు లింబాయత్ చుట్టుపక్కల వేలల్లో ఉన్నాయి. కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు నడిపేంతగా మనవాళ్లు అక్కడ పాతుకుపోయారు. ఈ హవల్దారు గారి అబ్బాయి మాత్రం మగ్గం వైపు పోలేదు. డిప్లొమా చేసి ఇచ్ఛాపూర్‌లో చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని, రెండు సీఎన్‌సీ యంత్రాలతో లోహపు విడిభాగాలు చేస్తున్నాడు. ఆర్డర్లు కొన్ని జౌళి యంత్రాల వాళ్లవి, కొన్ని రక్షణ రంగానికి సరఫరా చేసే ఒక కంపెనీవి. ఆ కంపెనీ ఏదన్నది ఇక్కడ అప్రస్తుతం.

షెడ్డు మూలన ఒక కంప్యూటర్ ఉంది. విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే భద్రతా మద్దతు ఆపేసింది. జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు పని, మెయిలు, మధ్యాహ్నం పనివాళ్లు చూసే యూట్యూబ్, తెరపై ఎప్పుడూ తెరిచి ఉండే వాట్సాప్... అన్నీ అందులోనే. కంపెనీ పంపిన డ్రాయింగులు కూడా డెస్క్‌టాప్ మీదే, పెళ్లి ఫొటోల ఫోల్డర్ పక్కన. డ్రాయింగ్ అడుగున ఒక మూల, అనుమతి లేకుండా ఎవరికీ చూపకూడదన్న హెచ్చరిక ముద్రించి ఉంది.

"ఇది ఎలా వచ్చింది?" అని అడిగాను.

"వాట్సాప్‌ల సార్. మెయిల్‌ల పెడితే జిప్ ఫైల్ పోతలేదని కొనుగోలు సెక్షన్ సారే ఫోన్‌ల పంపిండు."

ఆ జవాబు విన్నాక నేను వెళ్లిన పని మరిచి రెండు రోజులు ఆ షెడ్డులోనే గడిపాను. ఆ డ్రాయింగ్ ఒక బ్రాకెట్‌ది. అదొక్కటీ శత్రువు చేతికి చిక్కినా యుద్ధం ఓడిపోం. అయితే గూఢచారి ఒక్క కాగితం కోసం రాడు. ఏ భాగం ఎన్ని ఆర్డరయ్యాయి, ఎప్పటికల్లా కావాలన్నారు, ఏ లోహం మార్చారు అన్నవి పది షెడ్ల నుంచి పోగేస్తే, ఉత్పత్తి ఏ వేగంతో సాగుతోందో, ఏ భాగం అరిగిపోతోందో తెలిసిపోతుంది. సిగ్నల్స్‌లో పనిచేసిన వాడిగా ఇలా ముక్కలు కూర్చే పని ఎంత తేలికో నాకు తెలుసు.

ఢిల్లీ సంగతి చూద్దాం. 2023 ఆగస్టులో రక్షణ మంత్రిత్వ శాఖ తన కార్యాలయాల్లో ఇంటర్నెట్‌కు కలిపిన కంప్యూటర్లలో విండోస్ తీసేసి, ఉబుంటు పునాదిగా దేశంలో తయారైన 'మాయా' ఆపరేటింగ్ సిస్టమ్ పెడుతోందని వార్తలొచ్చాయి. దానికి తోడుగా 'చక్రవ్యూహ' అనే రక్షణ పొర. మంచి నిర్ణయమే. సొంత ఆపరేటింగ్ సిస్టమ్ కావాలని డీఆర్‌డీఓ అధిపతిగా ఉన్న వి.కె.సారస్వత్ 2010లోనే ప్రకటించారు. అంతకుముందే, 2007లో, చెన్నై సీడాక్ 'బాస్' లినక్స్ విడుదల చేసింది. పరాయి సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడటం తగ్గాలన్న దానిలో నాకు రెండో అభిప్రాయం లేదు.

కానీ 2025 ఆగస్టులో ఏం జరిగిందో చూడండి. పాకిస్తాన్‌తో సంబంధం ఉందని చెప్పే ఏపీటీ36, అదే 'ట్రాన్స్‌పరెంట్ ట్రైబ్' ముఠా, సరిగ్గా ఆ బాస్ లినక్స్ వాడే ప్రభుత్వ కార్యాలయాలనే గురిపెట్టిందని సైఫర్మా, క్లౌడ్‌సెక్ సంస్థల పరిశోధకులు బయటపెట్టారు. సమావేశం నోటీసు అంటూ మెయిల్‌లో ఒక జిప్ ఫైల్ వస్తుంది. లోపల పీడీఎఫ్ బొమ్మతో ఒక ఫైల్. నిజానికి అది పీడీఎఫ్ కాదు, లినక్స్‌లో ప్రోగ్రాములను నడిపే 'డెస్క్‌టాప్' రకం ఫైల్. నొక్కగానే ఒక మామూలు పత్రం తెరుచుకుంటుంది, చదివేవారికి అనుమానం రాదు. వెనకాల గూఢచర్య ప్రోగ్రాం దిగి, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తానే మొదలయ్యేలా ఏర్పాటు చేసుకుంటుంది. స్వదేశీ తాళం వేసుకున్నాం, దొంగ ఆ తాళానికి సరిపడే చెవి చేయించుకున్నాడు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఏ ఇంట్లో బంగారం ఉందో దొంగ ఆ తాళం మీదే కసరత్తు చేస్తాడు.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. మనం వాడే కంప్యూటర్ తెర, సాంకేతికంగా చూస్తే, గోడలు లేని హాలు లాంటిది. లినక్స్‌లో దశాబ్దాలుగా తెరను నడిపిన ఎక్స్ విండో వ్యవస్థ 1984లో ఎంఐటీలో పుట్టింది. ప్రయోగశాలలో అందరూ నమ్మకస్తులే అనుకున్న కాలమది. ఆ వ్యవస్థలో ఒక విండోలో నడిచే ప్రోగ్రాం పక్క విండోలో మీరు కొట్టే అక్షరాలను వినగలదు, తెర మొత్తాన్ని ఫొటో తీయగలదు. దానికి ప్రత్యేక అధికారాలేవీ అక్కర్లేదు. అంటే మెయిల్‌లో వచ్చిన దొంగ ఫైల్‌కు, మీరు పక్కనే తెరిచిన బ్యాంకు పాస్‌వర్డ్‌కు మధ్య ఏ గోడా లేదు. తర్వాత వచ్చిన వేలాండ్ వ్యవస్థ ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది. అయినా ఫైళ్లు మాత్రం అందరికీ ఉమ్మడే. విండోస్‌లోనూ ఒకే యూజరు కింద నడిచే ప్రోగ్రాముల మధ్య దాపరికం నామమాత్రం.

ఈ లోపాన్ని 2011లో గట్టిగా ఎత్తిచూపింది పోలండ్‌కు చెందిన జోవన్నా రుట్కోవ్‌స్కా. అప్పటికే ఆమె బృందం క్యూబ్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పని చేస్తోంది. దాని తొలి పూర్తి విడుదల 2012లో వచ్చింది. అందులోని ఆలోచన మా సైన్యంలో ఎవరికైనా వెంటనే బోధపడుతుంది. మందుగుండు డిపోలో గుండ్లు, మందుపాతరలు, ఫ్యూజులు ఒకే గోదాంలో పేర్చం. షెడ్డుకూ షెడ్డుకూ మధ్య దూరం ఉంచుతాం, మట్టికట్టలు కడతాం. ప్రమాదం జరగదని ఎవరూ అనుకోరు, జరిగితే ఒక్క షెడ్డుతో ఆగాలన్నదే లెక్క. 2016 మే 31న మహారాష్ట్రలోని పుల్‌గావ్ కేంద్ర మందుగుండు డిపోలో మంటలు లేచినప్పుడు మన సైనికులను, అగ్నిమాపక సిబ్బందిని పోగొట్టుకున్నాం. అయినా ఆ మంటలు ఒక షెడ్డు దాటలేదు. దాటి ఉంటే ఊళ్లకు ఊళ్లే పోయేవి.

క్యూబ్స్ కంప్యూటర్‌లో చేసేది అదే. ఒకే లాప్‌టాప్‌లో అనేక కంప్యూటర్లు విడివిడిగా నడుస్తాయి. వాటి కింద జెన్ అనే హైపర్‌వైజర్ కాపలా ఉంటుంది. వాట్సాప్, యూట్యూబ్ ఒక గది. ఆఫీసు మెయిలు ఒక గది. పాస్‌వర్డులు, దాచవలసిన పత్రాలు మరో గదిలో, దానికి ఇంటర్నెట్ తీగే ఉండదు. నెట్‌వర్క్ కార్డుకు ఒక గది, పెన్‌డ్రైవ్ పెట్టే సాకెట్లకు ఇంకో గది. తెరను గీసే పెద్ద గదికి కూడా ఇంటర్నెట్ లేదు. చూసేవారికి మాత్రం అన్ని విండోలూ ఒకే తెరపై మామూలుగానే కనిపిస్తాయి. తేడా ఒక్కటే, ప్రతి విండో చుట్టూ ఒక రంగు అంచు. ఎరుపు అంటే నమ్మరానిది. పసుపు సొంతం, నీలం ఆఫీసు, నలుపు ఖజానా. ఎర్ర గదిలోని ప్రోగ్రాంకు నలుపు గది ఉందన్న సంగతే తెలియదు. ఈ ఆలోచనకు ముత్తాతలు కూడా ఉన్నారు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000 ప్రాంతంలోనే 'నెట్‌టాప్' పేరుతో ఒకే బల్లమీద వేర్వేరు రహస్య స్థాయిల నెట్‌వర్కులను ఇలా విడగొట్టి చూపింది. క్యూబ్స్ దాన్ని ఎవరైనా ఉచితంగా దింపుకునేలా చేసింది.

ఇచ్ఛాపూర్‌లో దీన్ని పెట్టి చూశాం. అబ్బాయి లాప్‌టాప్‌లో 8 జీబీ మెమరీ ఉంది. కనీసం 6 ఉంటే చాలంటారు గానీ నాలుగు గదులు తెరిచేసరికి యంత్రం ఎద్దుబండిలా కదిలింది. సూరత్ మార్కెట్ నుంచి మెమరీ తెప్పించి 16 జీబీ చేశాక దారికొచ్చింది. బయోస్‌లోకి వెళ్లి వర్చువలైజేషన్ సదుపాయాలు రెండూ ఆన్ చేయాలి, ఒకటి మరిచి గంట పోగొట్టుకున్నాం. దింపుకున్న ఫైల్ అసలైనదో కాదో డిజిటల్ సంతకంతో సరిచూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం, అందరూ దాటేసేది కూడా అదే. మా కుర్రవాడూ దాటేయబోయాడు. "కాపలాదారుణ్ణి పెట్టుకుంటూ వాడి గుర్తింపు కార్డు చూడవా?" అన్నాను. హవల్దారు గారు పక్కన కూర్చుని, "సాబ్ చెప్పినట్టు చెయ్ రా" అని గదమాయించారు.

సాయంత్రానికి బాగా నచ్చిన సదుపాయం ఒకటుంది. తెలియని చోటి నుంచి వచ్చిన పీడీఎఫ్‌ను వాడి పారేసే గదిలో తెరవొచ్చు. విండో మూయగానే ఆ గది మొత్తం మాయమవుతుంది, అందులో దూరిన దొంగతో సహా. ఇంకా గట్టిగా కావాలంటే ఆ గదిలోనే పీడీఎఫ్‌లోని ప్రతి పేజీనీ వట్టి బొమ్మగా మార్చి, ఆ బొమ్మలతో కొత్త పీడీఎఫ్ కట్టి ఇస్తుంది. 2025లో వచ్చినట్టి సమావేశం నోటీసు ఈ దారిన వస్తే వాడి పారేసే గదిలోనే చచ్చిపోయేది.

రెండో రోజు అసలు కష్టం మొదలైంది. డ్రాయింగ్ నుంచి యంత్రానికి ఆదేశాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. విండోస్‌ను ఒక గదిలో పెట్టొచ్చు, కానీ ఆ గదులకు గ్రాఫిక్స్ కార్డు బలం అందదు. త్రీడీ నమూనాను తిప్పబోతే తెర తడబడింది. అబ్బాయి మొహంలో "ఇదంతా ఎందుకు సార్" అన్న భావం స్పష్టంగా కనిపించింది. త్రీడీ ఫైళ్లను పీడీఎఫ్ లాగా బొమ్మలుగా మార్చి శుద్ధి చేసే మార్గమూ లేదు. చివరికి రాజీపడ్డాం. పాత విండోస్ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీగ పీకేసి, దాన్ని డ్రాయింగులకు, యంత్రాలకు మాత్రమే ఉంచాం. మెయిలు, వాట్సాప్, బ్యాంకు, టెండర్ల డిజిటల్ సంతకం లాప్‌టాప్‌కు మారాయి. రెండిటి మధ్య ఫైళ్లు మోయడానికి ఎర్ర టేపు చుట్టిన ఒకే ఒక పెన్‌డ్రైవ్.

ఆ పెన్‌డ్రైవ్ చూస్తే నాకు ఇప్పటికీ గుండె గుబేల్‌మంటుంది. 2012 జులైలో విశాఖ తూర్పు నౌకాదళ కమాండ్ కంప్యూటర్లలో చొరబాటు జరిగిందన్న వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. రహస్య సమాచారం ఉన్న కంప్యూటర్లకు అక్కడ ఇంటర్నెట్టే లేదు. పెన్‌డ్రైవ్‌లో కూర్చున్న క్రిమి ఒక దాపుడు ఫోల్డర్ చేసుకుని, ఫైళ్లు అందులో పోగేసి, అదే పెన్‌డ్రైవ్‌ను ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌లో పెట్టగానే చైనా చిరునామాలకు పంపిందని అప్పట్లో పత్రికలు రాశాయి. నౌకాదళం విచారణకు ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజు నేను సిగ్గుపడ్డాను. అంతకు కొన్నేళ్ల ముందు నా సొంత విభాగంలోనే బల్లమీద రెండు కంప్యూటర్లు పెట్టించి, ఒకదానికి ఎర్ర స్టిక్కర్ అంటించి, భద్రత అయిపోయిందనుకున్నాను. తనిఖీ ముందురోజు రాత్రి నా గుమాస్తా రిపోర్టు ప్రింటు తీయడానికి తన జేబులోని పెన్‌డ్రైవ్‌ను రెండిటికీ మార్చి మార్చి పెట్టాడు. నష్టమేమీ జరగలేదు. అతను తప్పు చేశాడని మందలించాను గానీ, ప్రింటరు ఒక్క కంప్యూటర్‌కే ఇచ్చింది నేనే.

అందుకే ఇచ్ఛాపూర్‌లో ఆ పెన్‌డ్రైవ్‌ను లాప్‌టాప్‌లో పెడితే నేరుగా మెయిల్ గదికి అందకుండా, సాకెట్ల గదిలోనే ఆగేలా చేశాం. అక్కడి నుంచి ఏ ఫైల్ ఏ గదికి పోవాలో ప్రతిసారీ మనిషి తెర మీద ఒప్పుకోవాలి. అవతల పాత విండోస్ వైపు మాత్రం ఆ గోడ లేదు. అది బలహీనతేనని నాకు తెలుసు.

గోడ నిలబడిన ఉదాహరణ కూడా చెప్పాలి. 2019లో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలో డీట్రాక్ అనే మాల్వేర్ కనబడింది. అది చేరింది పరిపాలన పనులకు వాడే, ఇంటర్నెట్‌కు కలిసి ఉన్న నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్‌కు. రియాక్టర్ నియంత్రణ వ్యవస్థకు దానితో సంబంధం లేదని ఎన్‌పీసీఐఎల్ అక్టోబర్ 30న ప్రకటించింది. మొదట ఖండించి మర్నాడు ఒప్పుకోవడం బాగోలేదు, అది వేరే సంగతి. విడగొట్టి ఉంచడం మాత్రం పని చేసింది.

ఇక నిబంధనల సంగతి. రక్షణ ఉత్పత్తి లైసెన్సు ఉన్న పరిశ్రమలకు ప్రభుత్వం 2014లో ఒక భద్రతా మాన్యువల్ ఇచ్చింది. కంప్యూటర్ల భద్రత అందులో ఉంది. అదే ఏడాది, చిన్న పరిశ్రమలకు ఊరట కోసం, లైసెన్సు కావలసిన వస్తువుల జాబితాను కుదించి విడిభాగాలు, కాస్టింగులు, ఫోర్జింగులు చాలావాటిని బయటకు తెచ్చారు. వ్యాపారానికి అది మేలే చేసింది, లేకపోతే మా హవల్దారు కొడుకు ఈ రంగంలోకి వచ్చేవాడే కాదు. అయితే లైసెన్సు అక్కర్లేని షెడ్డు ఆ మాన్యువల్ పరిధికీ బయటే ఉండిపోయింది. దానికీ దేశ రహస్యానికీ మధ్య మిగిలింది కొనుగోలు ఆర్డరు వెనక సన్న అక్షరాల గోప్యతా షరతు ఒక్కటే. అమెరికా ఈ ఖాళీని ఎదుర్కొంటున్న తీరు వేరు. 2025 నవంబర్ 10 నుంచి రక్షణ ఒప్పందాల్లో దశలవారీగా సైబర్ అర్హతను షరతుగా పెడుతోంది. సున్నితమైన సమాచారం ముట్టుకునే ఉపకాంట్రాక్టరు దాకా అది వర్తిస్తుంది, 110 భద్రతా అంశాలు పాటించాలి. అక్కడి చిన్న కంపెనీలు ఖర్చు భరించలేమని గగ్గోలు పెడుతున్నాయి. ఆ జాబితాను యథాతథంగా ఇక్కడకు తెస్తే ఇచ్ఛాపూర్ షెడ్లు కాగితాల మీద 110కి 110 టిక్కులు పెట్టి, డ్రాయింగులు మళ్లీ వాట్సాప్‌లోనే తెచ్చుకుంటాయి.

నా సూచన ఇంతకంటే చిన్నది. జవానుకు బూట్లు తానే కొనుక్కోమని సైన్యం చెప్పదు, ఇష్యూ చేస్తుంది. అలాగే డ్రాయింగ్ ఇచ్చే కంపెనీ, గదులు ముందే కట్టి ఉన్న లాప్‌టాప్‌ను కూడా డ్రాయింగ్‌తో పాటే ఇవ్వాలి. ఆ ఖర్చు ఒప్పందం ధరలో కలవాలి. మాయా, బాస్ రూపొందించిన సంస్థలు తమ తర్వాతి విడుదలను జెన్ లాంటి హైపర్‌వైజర్ మీద, గదులుగా విడగొట్టి తేవాలి. గుజరాతీలో, తెలుగులో, తమిళంలో రంగుల అర్థం చెప్పే అరపేజీ కాగితం దానితో పెట్టాలి. గ్రాఫిక్స్ బలం గదిలోకి సురక్షితంగా అందే మార్గం మీద పరిశోధనకు డబ్బివ్వాలి. ఇంజినీరింగ్ షెడ్లకు అది లేకపోతే ఎంత చెప్పినా వృథా. దానితో పాటు కంపెనీల కొనుగోలు విభాగాలు డ్రాయింగులు వాట్సాప్‌లో పంపడం రేపటి నుంచే మానొచ్చు. అందుకు ఏ పరిశోధనా అక్కర్లేదు.

దీనికి పరిమితులూ ఉన్నాయి. జెన్‌లోనూ లోపాలు బయటపడుతుంటాయి. 2018 జనవరిలో వెల్లడైన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు ప్రాసెసర్ చిప్‌లోనే గోడలకు బీటలున్నాయని చూపాయి. నిజమైన అత్యంత రహస్యానికి ఇప్పటికీ విడి గది, విడి యంత్రం, విడి మనిషే కావాలి. మనిషి తానే ఇచ్చేస్తే ఏ గోడా ఆపలేదు. 2019 డిసెంబర్‌లో విశాఖలో మొదలై నౌకాదళ సిబ్బంది అరెస్టులకు దారితీసిన 'డాల్ఫిన్స్ నోస్' కేసు, 2022 జూన్‌లో డీఆర్‌డీఎల్ కాంట్రాక్టు ఉద్యోగిని రాచకొండ పోలీసులు అరెస్టు చేసిన కేసు రెండూ సామాజిక మాధ్యమాల్లో అల్లిన వలపు వల ఆరోపణలతో నడిచినవే.

తిరిగొచ్చిన పది రోజులకు అబ్బాయి ఫోన్ చేశాడు. కొనుగోలు విభాగం మళ్లీ ఒక డ్రాయింగ్ వాట్సాప్‌లో పంపిందట. "ఎర్ర విండోలనే తెరిచిన సార్. గిట్ల పంపొద్దని మెయిల్ గూడ పెట్టిన." జవాబు వచ్చిందా అని అడిగాను. ఇంకా రాలేదన్నాడు. ఈలోగా ఆ బ్రాకెట్లు 40 తయారుచేసి పంపించేశాడు.